ఒక్కటే ఫోన్ నంబర్, ఇంటిల్లిపాదీ పేషెంట్లే

మిర్యాలగూడలో ఓ చిన్న నర్సింగ్ హోమ్ సాఫ్ట్‌వేర్‌ను ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌కు, అంటే ఆరోగ్య రికార్డులను ఆన్‌లైన్‌లో జతచేసే కేంద్ర పథకానికి, కలపాలి. నేరుగా కలపనివ్వరు, ముందు శాండ్‌బాక్స్‌లో, అంటే ఉత్తుత్తి పేషెంట్లతో సరిచూసే చోట, పరీక్షలు దాటాలి. పేషెంట్ ఆరోగ్య ఖాతాకిచ్చే 14 అంకెల ఆభా నంబర్ పని సాఫీగానే అయింది. తంటా అంతా ఆ తర్వాతే: పేషెంట్ యాప్‌లో మన ఆస్పత్రిని వెతికితే పాత రికార్డు దొరకాలి. దొరకట్లేదు.

లాగ్ (సాఫ్ట్‌వేర్ రాసుకునే చిట్టా) చూస్తే, యాప్ వైపు నుంచి వచ్చేవి పేరు, జెండర్, పుట్టిన సంవత్సరం, మొబైల్ నంబర్. మన దగ్గరున్నది వయసు. అదీ "ఎంతుంటదో, యాభై రాస్కో సారూ" అన్న వయసు! పేరు ఓసారి ఇంటిపేరుతో, ఓసారి ఉత్త లక్ష్మమ్మ. ఫోన్ నంబరేమో అందరికీ కొడుకుదే.

మొబైల్, జెండర్ కచ్చితంగా కలవాలని పెట్టా. రిజిస్టరైన తేదీ నుంచి పుట్టిన ఏడు లెక్కగట్టి, రెండు మూడేళ్ల తేడా ఒప్పుకున్నా. ఇంటిపేరు ముందున్నా వెనకున్నా, అసలు లేకున్నా పేరు పోల్చేలా రాశా. ఇద్దరు తగిలితే ఎవరినీ చూపకుండా ఓపీ చీటీ నంబర్ అడగాల్సిందే. అత్త షుగర్ రిపోర్టు కోడలి ఖాతాలో పడితే ఇంట్లో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. టెస్ట్ పేషెంట్లనూ అలాగే పుట్టించా: ఒకే నంబర్‌పై ఇద్దరు లక్ష్మమ్మలు.

అన్నట్టు, రిక్వెస్ట్‌తో వెళ్లే టైమ్‌స్టాంప్ యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయం) పంపండి. మన గడియారం అయిదున్నర గంటలు ముందుంటుంది, ఆ టైమే పంపితే రిక్వెస్ట్ తిరిగొచ్చేస్తుంది.