ఉన్నట్టుండి తల తిరుగుడు, చెవిలో హోరు: మెనియర్స్ జబ్బు - సమస్య, పరిష్కారం

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కళ్లు తిరిగాయంటే ముందు బీపీ చూస్తారు. బీపీ బాగుంటే గ్యాస్ అంటారు, కాదంటే పైత్యం చేసిందని నిమ్మకాయ నీళ్లు తాగిస్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తాడు. రెండు మూడు గంటలకు తిరుగుడు దానంతట అదే తగ్గుతుంది, పేరు మాత్రం బాటిల్‌కు వస్తుంది. చెవి సంగతి ఎవరూ అడగరు. లోపలి చెవి జబ్బైన మెనియర్స్ అయితే ఈలోగా ఆ చెవి వినికిడి కొంచెం కొంచెంగా పోతుంటుంది. అందుకే రెండు ప్రశ్నలు ముందు అడగాలి: తిరుగుడు ఎంతసేపు ఉంది? చెవిలో ఏమన్నా తేడా ఉందా?

తిరుగుడు ఎంతసేపు?

మంచం మీద పక్కకు తిరిగినప్పుడో, అటక మీదికి తలెత్తినప్పుడో గిర్రున తిరిగి నిమిషంలోపే ఆగిపోతే అది మెనియర్స్ కాదు. లోపలి చెవిలోని సన్నని సున్నపు రేణువులు చోటు తప్పడం వల్ల వచ్చే బీపీపీవీ అయి ఉండొచ్చు. ఈఎన్‌టీ డాక్టర్ తలను ఒక పద్ధతిలో తిప్పి ఆ రేణువులను వెనక్కి పంపిస్తారు, చాలామందికి ఒకటి రెండు సార్లకే తగ్గిపోతుంది. కూర్చుని లేవగానే కళ్లు చీకట్లు కమ్మితే బీపీ పడిపోవడం, రక్తం తక్కువగా ఉండటం లాంటివి చూడాలి.

గది మొత్తం తిరుగుతూ, వాంతులతో 20 నిమిషాల నుంచి 12 గంటల దాకా సాగి, అదే సమయంలో ఒక చెవి దిబ్బడేసి, హోరుమని, వినికిడి మందగిస్తే, అలా మళ్లీ మళ్లీ వస్తే మెనియర్స్‌ను అనుమానించాలి. ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ల మధ్య, ముందు ఒక చెవికే మొదలవుతుంది. మైగ్రేన్ వల్ల కూడా ఇలా గంటల తరబడి తిరగొచ్చు కాబట్టి తలనొప్పి చరిత్ర ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పాలి.

మాట తడబడటం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి కాలు పట్టు తప్పడం, ఒకటి రెండుగా కనిపించడం, అసలు నిలబడలేకపోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి: వీటిలో ఏ ఒక్కటి తోడైనా పక్షవాతం కావచ్చు. చెవి డాక్టర్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఎందుకు వస్తుంది?

లోపలి చెవిలో వినికిడికీ, శరీరం తూలకుండా నిలబడటానికీ పనికొచ్చే గొట్టాల్లాంటి అరలుంటాయి. వాటిలో ఎండోలింఫ్ అనే ద్రవం ఉంటుంది. మెనియర్స్ ఉన్నవాళ్లలో అది ఎక్కువై అరలు ఉబ్బుతాయి. ఎందుకు ఎక్కువవుతుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఈ తిరుగుడు మెదడుది కాదు, లోపలి చెవిది అని 1861లో చెప్పిన ఫ్రెంచ్ డాక్టర్ ప్రాస్పర్ మెనియర్ పేరే దీనికి పెట్టారు.

చెవిలో వెల్లుల్లి నూనె కాచి పోసేవాళ్లకు ఒక మాట. ఆ నూనె కర్ణభేరి దగ్గరే ఆగిపోతుంది, జబ్బు దాని వెనక ఎంతో లోపల ఉంది. చెవి కాలడం, కర్ణభేరికి రంధ్రం ఉంటే చీము పట్టడం తప్ప ఒరిగేదేమీ లేదు.

వినపడుతోంది, కానీ మాట అర్థం కావడం లేదు

ఇది ఇంట్లోవాళ్లకు అసలు అర్థం కాని బాధ. మెల్లగా పిలిస్తే పలకరు, కుక్కర్ విజిల్ వేస్తే మాత్రం చెవులు మూసుకుంటారు. "కావాలనే నటిస్తున్నావు" అనే మాట వీళ్లు పడాల్సింది కాదు. ఆడియోగ్రామ్, అంటే వినికిడి ఎంతుందో గీతగా చూపే పరీక్ష, తీస్తే సంగతి తెలుస్తుంది. కాగితం మీద గీత ఎడమ వైపు, అంటే బొంగురు శబ్దాల దగ్గర, కిందికి జారి ఉంటుంది. మొదట్లో తిరుగుడు తగ్గాక వినికిడి కూడా తిరిగి వస్తుంది, అందుకే ఇబ్బందిగా ఉన్న రోజుల్లోనే ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. ఒక్క చెవికే వినికిడి తగ్గితే వినికిడి నరం మీద గడ్డ లేదని తేల్చుకోవడానికి ఎంఆర్‌ఐ రాస్తారు, దానికి భయపడొద్దు.

తిరుగుడు వచ్చిన గంటలో

ఉన్నచోటే కూర్చోండి లేదా పడుకోండి. కదలని వస్తువు ఒకదాన్ని చూస్తూ తలను కదపకుండా ఉంచండి. డాక్టర్ ముందే రాసిచ్చిన వాంతుల బిళ్ల వేసుకోండి. బాత్రూమ్‌కు ఒంటరిగా వెళ్లొద్దు.

ఈ తిరుగుడు బిళ్లలను మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి వాడేవాళ్లు చాలామంది. ప్రోక్లోర్‌పెరజైన్, సిన్నరిజైన్ లాంటివి ఒకటి రెండు రోజులకే. రోజూ మింగుతూ పోతే మెదడు కొత్త బ్యాలెన్స్‌కు అలవాటు పడటం ఆలస్యమవుతుంది, పెద్దవాళ్లకు చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం కూడా మొదలవొచ్చు.

ఉప్పు

ఇస్కపల్లిలో ఉప్పు పండించే జిల్లాకు ఉప్పు తగ్గించమని చెప్పడం కష్టమే. మామూలుగా డాక్టర్లు రోజుకు 1500 నుంచి 2000 మిల్లీగ్రాముల సోడియం దాటొద్దంటారు. ఒక టీస్పూను ఉప్పులోనే దాదాపు 2300 ఉంటుంది. కూరలో వేసిన ఉప్పు ఒక్కటే లెక్కేస్తే చాలదు. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండు చేపలు, బజ్జీలు, మిక్చరు అన్నీ ఇందులోకే వస్తాయి. చేపల పులుసు మానక్కర్లేదు. పచ్చి చేపతో, చింతపులుపు కాస్త ముందుంచి, ఉప్పు సగం వేసి వండుకోండి, పక్కన ఊరగాయ మాత్రం వద్దు. నాలుగు రోజులు చప్పగా తిని పెళ్లి భోజనంలో ఒక్కసారిగా కుమ్మేయడం కన్నా, రోజూ ఒకే మోతాదులో తక్కువగా తినడం మేలు. ఇది అందరికీ ఒకేలా పనిచేయదు, కానీ రెండు మూడు నెలలు గట్టిగా ప్రయత్నించి చూడదగింది. షాపుల్లో దొరికే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లూ కొన్ని బీపీ మందులు వాడేవాళ్లూ డాక్టర్‌ను అడగకుండా కొనొద్దు.

మూత్రం ద్వారా ఒంట్లో నీరు తీసే బిళ్ల డాక్టర్ రాసి ఉంటే రోహిణి కార్తె ఎండల్లో జాగ్రత్త. చెమటకు తోడు బిళ్ల కూడా నీళ్లు లాగేస్తుంది. మంచినీళ్లు, ఉప్పు లేని పల్చటి మజ్జిగ తాగుతూ ఉండండి. నీరసం, కండరాల పట్టేత కనిపిస్తే బిళ్ల మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడండి. నిద్ర చాలకపోవడం, టెన్షన్, కొందరికి కాఫీ, మందు, సిగరెట్ కూడా తిరుగుడును రేపుతాయి.

మందులకు లొంగకపోతే

బీటాహిస్టిన్ అనే బిళ్ల చాలామందికి రాస్తారు. 2016లో వచ్చిన ఒక పెద్ద జర్మన్ పరిశోధనలో ఇది మందు లేని ఉత్తుత్తి బిళ్ల కంటే మెరుగ్గా పనిచేయలేదని తేలింది. వాడుతూ తగ్గినవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మానొద్దు, తగ్గనివాళ్లు ఏళ్లకేళ్లు అదే పట్టుకుని కూర్చోవద్దు. తర్వాతి మెట్టు చెవి లోపలికి స్టెరాయిడ్ ఇంజక్షన్. అదీ చాలకపోతే జెంటామైసిన్ ఇంజక్షన్, దానితో తిరుగుడు బాగా తగ్గుతుంది గానీ వినికిడి ఇంకా తగ్గే ప్రమాదం ఉంది. ఆపరేషన్ చివరి మాట. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగాలున్నాయి, మొదటి పరీక్షకు చెన్నై బండెక్కక్కర్లేదు.

పనీ, ప్రయాణమూ

రొయ్యల గుంటల గట్ల మీద ఒంటరిగా నడవడం, తాడిచెట్టు ఎక్కడం, హైవే మీద బైకు నడపడం, మైపాడు, కొత్తపట్నం సముద్రంలో లోతుకు దిగడం: తిరుగుడు అదుపులోకి వచ్చాక డాక్టర్ సరే అనేదాకా ఆపండి. కొందరు ముందస్తు సూచన ఏదీ లేకుండానే, స్పృహలో ఉండగానే దభీమని పడిపోతారు. అలా ఒక్కసారి పడినా వెంటనే చూపించుకోవాలి.

బాగున్న రోజుల్లో బ్యాలెన్స్ వ్యాయామాలు నేర్చుకుని చేయండి. వినికిడి తగ్గితే మిషన్ పెట్టుకోవడానికి నామోషీ పడొద్దు, హోరు కూడా దానితో కొంత మరుగున పడుతుంది. చాలామందికి ఏళ్లు గడిచేకొద్దీ తిరుగుడు తగ్గిపోతుంది. గోడ క్యాలెండర్‌లో తిరుగుడు వచ్చిన తేదీ, ఎంతసేపు ఉంది, ఏ చెవి, ముందురోజు ఏం తిన్నారు రాసుకుని, డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితాలను పాత ఆడియోగ్రామ్‌లతో పాటు తీసుకెళ్లండి.