లేటెన్సీ స్పైక్‌ల వెంట పడే ముందు జాగ్రత్తలు

రియల్‌టైమ్ (ఆర్‌టీ) లినక్స్‌లో, టైమ్‌కు జరగాల్సిన పని ఉన్నట్టుండి ఆలస్యమైతే అదే లేటెన్సీ స్పైక్. మెషీన్‌కు మోటార్లు, రోబో చెయ్యి లాంటివి కలిపి ఉంటే ముందు వాటి పవర్ తీసేయండి. టెస్ట్ మధ్యలో కంట్రోల్ లూప్ తడబడితే ఏది ఎటు కదులుతుందో చెప్పలేం.

- నడుస్తున్నది నిజంగా ఆర్‌టీ కెర్నలేనా (కెర్నల్ అంటే లినక్స్ గుండెకాయ)? యూనేమ్ -a కమాండ్ కొడితే ప్రీఎంప్ట్ ఆర్‌టీ అని కనిపించాలి. 2024లో వచ్చిన లినక్స్ 6.12 నుంచి ఇది మెయిన్ కెర్నల్‌లోనే ఉన్నా, బిల్డ్‌లో ఆన్ చేయకపోతే లేనట్టే.

- లాక్‌ల వాడకంలో తప్పులు పట్టే లాక్‌డెప్ లాంటి డీబగ్ ఆప్షన్లు ఆన్‌లో ఉంటే వచ్చే లేటెన్సీ కొలతలు నమ్మొద్దు.

- ఖాళీ మెషీన్ మీద, లేటెన్సీ కొలిచే సైక్లిక్‌టెస్ట్ నడిపి సంబరపడొద్దు. డిస్క్, నెట్‌వర్క్ లోడ్ పెట్టి గంటల తరబడి నడపండి. చూడాల్సింది సగటు కాదు, మ్యాక్స్.

- 6.12కు ముందు కెర్నళ్లలో ఆర్‌టీ రన్‌టైమ్ పరిమితి (ఆర్‌టీ పనులు ఒక సెకనులో వాడుకోగల సమయం) మామూలుగా 950000 మైక్రోసెకన్లు. అంటే ఆర్‌టీ పనులు ఎంత ఎగబడినా, మిగతా వాటికి సెకనుకు 50 మిల్లీసెకన్లు దక్కుతాయి. చాలామంది రాగానే దీన్ని -1 (అంటే పరిమితే లేకుండా) చేసేస్తారు. తొందరెందుకు? అన్నిటికన్నా పై ప్రయారిటీ అయిన 99 థ్రెడ్ ఒకటి లూప్‌లో ఇరుక్కుంటే ఆ కోర్ మొత్తం దానిదే, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కూడా పలకకపోవచ్చు. తప్పదంటే రీసెట్ బటన్ దగ్గర మనిషి ఉండాలి.

- కెర్నల్‌ను తిట్టే ముందు హార్డ్‌వేర్, ఫర్మ్‌వేర్ వల్ల వచ్చే ఆలస్యాన్ని పట్టే హెచ్‌డబ్ల్యూ ల్యాట్ ట్రేసర్ నడపండి. ఫర్మ్‌వేర్ తెచ్చే ఎస్‌ఎంఐలు (సిస్టమ్ మేనేజ్‌మెంట్ ఇంటరప్ట్‌లు) ఆపరేటింగ్ సిస్టమ్‌కు కనబడకుండానే సీపీయూను లాగేసుకుంటాయి. అలాగని వాటిని గుడ్డిగా ఆపేయొద్దు. కొన్ని బోర్డుల్లో వేడి అదుపు వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

- ఒక్కసారికి ఒక్క మార్పే. పాత విలువ రాసుకున్నాకే కొత్తది పెట్టండి.