వానాకాలంలో అనంతగిరి, కోట్‌పల్లి సైకిల్ రైడ్: బయల్దేరే ముందు

జులై నుంచి సెప్టెంబరు దాకా వికారాబాద్ చుట్టుపక్కల అడవి పచ్చగా కళకళలాడుతుంది. సైకిల్‌ తొక్కేవాళ్లను ఆ రోడ్లు బాగా ఇబ్బంది పెట్టేదీ అప్పుడే. అలాగని ఎండాకాలంలో వెళ్లమని మాత్రం నేను చెప్పను. ఆకులు రాలిపోయిన గుట్టను చూడటానికి అంత చెమటోడ్చక్కర్లేదు. వానల్లోనే వెళ్లండి, కాకపోతే ఏ పరిస్థితి వస్తే వెనక్కి తిరగాలో ఇంట్లో ఉండగానే అనుకోండి. రోడ్డెక్కాక ఆ నిర్ణయం తీసుకోవడం కష్టం, ముఖ్యంగా పక్కన నలుగురు ఫ్రెండ్స్ ఉన్నప్పుడు.

రూటు ఇది. వికారాబాద్ నుంచి అనంతగిరి గుట్ట ఎక్కి, పద్మనాభస్వామి గుడి దగ్గర కాసేపు ఆగి, కెరెల్లి, ధారూర్ మీదుగా కోట్‌పల్లి ప్రాజెక్టు చూసుకుని తిరిగి వికారాబాద్ రావడం. మొత్తం 50 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూగా. ఓపిక మిగిలితే సర్పన్‌పల్లి చెరువు గట్టు కూడా చూసి రావచ్చు.

హైదరాబాద్ నుంచే తొక్కుకుంటూ వెళ్దామనుకునేవాళ్లు వానాకాలంలో ఆ ముచ్చట మానుకుంటే మంచిది. చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్ల నీడ ఎంత బాగుంటుందో నాకూ తెలుసు. కానీ కంకర టిప్పర్లు, బస్సులు, వీకెండ్ కార్లు అన్నీ ఆ దారినే పోతాయి. ముసురులో వాళ్ల అద్దాలకు మనం సరిగా కనిపించం. సైకిల్‌ని కారు మీద కట్టుకుని వికారాబాద్ దాకా వెళ్లండి. రైలైతే సైకిల్‌ని మామూలు బోగీలోకి ఎక్కనివ్వరు, లగేజీ కింద బుక్ చేయాలి. మీరెక్కే రైల్లో లగేజీ బోగీ ఉందో లేదో ముందురోజే స్టేషన్‌లో అడిగి ఉంచుకోండి.

కొత్తవాళ్లకు గుట్ట ఎక్కడమంటేనే టెన్షన్. నిజానికి ఎక్కేటప్పుడు మహా అయితే ఆయాసం వస్తుంది, దిగి నడిపించుకుంటూ పోవచ్చు. పడేది దిగేటప్పుడే. మలుపుల్లో రాలిన ఆకులు కుళ్లి జారుడుగా ఉంటాయి, వాటి కింద గుంత ఉన్నా కనపడదు. రోడ్డు మీద తెల్లగీత తడిస్తే సబ్బు రాసినట్టే. చాలా రోజుల ఎండ తర్వాత పడే మొదటి వాన ఇంకా ప్రమాదం, రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి పైకి తేలతాయి. అందుకే వేగం మలుపులోకి వెళ్లకముందే తగ్గించుకోవాలి. మలుపులో ఉండగా ముందు బ్రేక్ గట్టిగా నొక్కితే చక్రం జారిపోతుంది. రిమ్‌ని పట్టుకునే రబ్బరు బ్రేకులైతే తడిలో వెంటనే పట్టవు, ముందు ఆ నీటిని తుడవాలి కదా. కాబట్టి దిగుడులో అప్పుడప్పుడు తేలిగ్గా నొక్కి వదులుతూ ఉండండి. అరిగిన బ్రేక్ రబ్బర్లు ముందురోజే మార్చేయండి. టైర్లలో గాలి మామూలు కంటే కొద్దిగా తగ్గిస్తే తడి రోడ్డు మీద పట్టు బాగుంటుంది, మరీ తగ్గిస్తే గుంతల్లో ట్యూబు నలిగిపోతుంది.

ఇక నీళ్లు. అనంతగిరి మీద కురిసిన వాన ఒక వైపు మూసీగా గండిపేట దిక్కు పోతుంది, ఇంకో వైపు కాగ్నా నదిలో కలుస్తుంది. అంటే మీరున్న చోట ఎండ కాస్తున్నా, పైన గుట్ట మీద కురిసిన నీళ్లు కాసేపటికి మీ ముందున్న వాగులోకి రావచ్చు. ఈ జిల్లాలో ఊళ్ల మధ్య లోలెవల్ వంతెనలు చాలా ఉన్నాయి. పారే నీరు అర అడుగే ఉన్నా మనిషి కాళ్లను లాగేయగలదు, చేతిలో సైకిల్ ఉంటే మరీ కష్టం. 2021 ఆగస్టులో మర్పల్లి మండలం తిమ్మాపూర్ దగ్గర పెళ్లివాళ్ల కారే వాగులో కొట్టుకుపోయింది. అందుకే వంతెన మీద నీళ్లు పారుతుంటే దాటొద్దు. ఊరి మనిషి దాటి చూపించినా దాటొద్దు, కింద రోడ్డు ఎక్కడ తెగిందో ఆయనకు తెలిసుండొచ్చు, మీకు తెలియదు. ఉదయం ధారూర్‌లో చాయ్ తాగేటప్పుడే ‘ఏ చెరువు మత్తడి దుంకుతోంది, ఏ దారి బంద్ ఉంది’ అని అడగండి. మ్యాప్ యాప్‌కి ఆ సంగతి తెలియదు.

మ్యాప్ చూపించే అడవి అడ్డదారులు కూడా వద్దు. దామగుండం వైపు 2024లో నేవీ రేడియో కేంద్రానికి శంకుస్థాపన జరిగింది, పాత బాటలను నమ్ముకుని అటు పోకండి. చేలల్లోకి దిగి ఫొటోలు తీసుకోవడం ఇంకో ప్రమాదం. అడవి పందుల కోసం కొన్నిచోట్ల కంచెకు కరెంటు తీగలు పెడతారు, అది చట్టవిరుద్ధమే అయినా ఆగలేదు. తడి నేలలో ఆ తీగ గడ్డిలో కనిపించదు.

కోట్‌పల్లిలో కయాకింగ్ చేయాలనుంటే లైఫ్ జాకెట్ వేసుకుని, నడిపేవాళ్లు చెప్పిన హద్దులోనే తిరగండి. ఈతకు మాత్రం దిగొద్దు. గట్టు దగ్గర బురద, రెండడుగులు వేస్తే లోతు. 2023 జనవరిలో ఇక్కడే నలుగురు యువకులు మునిగి చనిపోయారు. రెండు గంటలు తొక్కి వేడెక్కిన కాళ్లకు నీళ్లలో పిక్కలు పట్టేయడం మామూలే.

మధ్యాహ్నం దాటాక ఉరుములు ఎక్కువ. మెరిసిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు మీ దగ్గర్లోనే ఉన్నట్టు. చెరువు గట్టు, ఒంటరి చెట్టు రెండూ వదిలి పక్కా ఇంట్లోకో బడిలోకో వెళ్లండి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. ఫోన్‌లో ‘దామిని’ యాప్ పెట్టుకుంటే దగ్గర్లో పిడుగు పడే అవకాశముంటే ముందే చెబుతుంది. అడవి లోపల సిగ్నల్ ఉండదు కాబట్టి గుట్ట ఎక్కకముందే చూసుకోవాలి.

బ్యాగులో రెండు ట్యూబులు, పంపు, తుమ్మముల్లు పీకడానికి చిన్న పట్టకారు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ప్లాస్టిక్ కవరులో ఫోన్, వెనకాల ఎర్ర లైటు. వానలో చెమట తెలియదు గానీ కారుతూనే ఉంటుంది, దాహం లేకపోయినా తాగుతూ ఉండండి. అరటిపళ్లు పైకి కనిపించేలా మాత్రం పెట్టుకోకండి, గుడి దగ్గర కోతులు బ్యాగుతో సహా లాక్కుపోతాయి.

కోట్‌పల్లి నుంచి మధ్యాహ్నం మూడింటికల్లా తిరుగుముఖం పట్టాలి. తాండూరు రోడ్డు మీద నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు చీకటిపడ్డాక కూడా ఆగవు. మబ్బు రోజున ఆరింటికే లైటు లేని సైకిల్ లారీ డ్రైవర్లకు కనిపించదు. మూడు దాటిపోతే ధారూర్‌లో ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. సైకిళ్లు వేసుకుని వికారాబాద్ స్టేషన్ దగ్గర దింపమంటే దింపుతారు, బేరం మాత్రం ఎక్కకముందే తేల్చుకోండి.