చదరంలో చదరం ఉందేమో చూడండి

ఎర్త్ (లీకైన కరెంటును నేలలోకి పంపే తీగ) ఉన్న సాకెట్లు ఇంట్లో తక్కువైతే ఏ వస్తువుకు ఏది ఇవ్వాలో తేలక తంటా. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, వస్తువు వెనకో అడుగునో వోల్టులు, వాట్లు రాసి ఉండే చీటీ చూడండి. చదరంలో ఇంకో చిన్న చదరం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ రకం, అంటే కరెంటు బయటికి తగలకుండా రెండు పొరల రక్షణ ఉన్నది, ఎర్త్ అక్కర్లేదు. ఫోను ఛార్జర్లు, హెయిర్ డ్రయ్యర్లు చాలావరకు ఇవే. గుర్తు లేదా? మూడు పిన్నుల ప్లగ్గా? ఎర్త్ ఉండాల్సిందే. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గీజర్, ఇస్త్రీ పెట్టె ముందు వరుసలో ఉంటాయి. లోపల తీగ ఊడి లోహానికి తగిలితే ఆ కరెంటుకు దారి ఎర్తే. రెండు రంధ్రాల్లో పట్టించాలని మూడో పిన్ను విరిచేవాళ్లున్నారు, ఆ పని వద్దు.

ఒక్క చిక్కు: మూడు రంధ్రాలు కనిపించినా పాత వైరింగులో వెనక ఎర్త్ తీగే ఉండకపోవచ్చు. అది చీటీ చెప్పదు, ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి.