గోదావరి లంకల్లో సర్కారు రిసార్టు నడపాలంటే

డిండి లాంటి చోట రిసార్టుకో, కోరింగ లాంటి మడ అడవికో మీకు కొత్తగా పోస్టింగ్ పడిందా? వెళ్లగానే రూముల లెక్క, బిల్లుల ఫైలు పక్కన పెట్టి, ముందు రేవు దగ్గరికెళ్లి పోటు (సముద్రపు నీళ్లు ఎక్కడం) ఎప్పుడొస్తుందో, పాటు (ఆ నీళ్లు దిగిపోవడం) ఎప్పుడు తీస్తుందో అడగండి. పోటు రోజూ ఒకే టైముకి రాదు, రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్యకీ పున్నమికీ నీళ్లు ఎంత ఎక్కుతాయో అంత కిందికీ దిగిపోతాయి. అందుకే "ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా బోటింగ్" అని బోర్డు రాయించకండి. రేపటి టైమింగ్ ఇవాళ సాయంత్రం సుద్దముక్కతో రాస్తే చాలు.

ఇది నేను అనుభవించి చెబుతున్నది. పున్నమి మర్నాడు, ఆదివారం, జనం విరగబడ్డారు. పడవ నడిపే సరంగు "పాటు తీసేస్తోందండీ, ఈ ట్రిప్పు వద్దు" అన్నాడు. టికెట్లు కోసేశామని మేమే పంపాం. సన్నపాయలో పడవ అడుగు తగిలింది. గడ వేసి నెట్టబోతే అది మోకాలిలోతు బురదలో దిగి పైకి రాలేదు. పద్నాలుగు మంది, వాళ్లలో ఇద్దరు చంటిపిల్లలు, చుట్టూ దోమలు, చీకటి. మళ్లీ పోటు వచ్చి పడవ తేలేదాకా నాకు ఒళ్లంతా చెమటే. ఆ మర్నాటి నుంచి సరంగు వద్దంటే ట్రిప్పు లేదు, ఎవరు ఫోన్ చేసినా లేదు. పడవ పని చుట్టుపక్కల మత్స్యకారులకే ఇవ్వండి, ఆ పాయలు వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. లైఫ్ జాకెట్లు పిల్లల సైజువి వేరేగా కొనండి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లాడికి వేస్తే నీళ్లలో పడగానే తలమీంచి జారిపోతుంది.

వరద సీజన్లో కన్నంతా ధవళేశ్వరం బ్యారేజీ మీదే ఉండాలి. అక్కడ 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. మొదటి హెచ్చరిక కోసం ఆగకుండా, వరద పెరుగుతోందని తెలియగానే పడవలు ఒడ్డుకి లాగించి, ఏటిపక్క కాటేజీల బుకింగ్‌లు ఆపేసి, వచ్చేవాళ్లకి మీరే ఫోన్ చేయండి. హైదరాబాద్‌లో బండెక్కకముందే చెబితే డబ్బు వెనక్కి ఇచ్చినా వాళ్లు మళ్లీ వస్తారు, గేటు దగ్గర చెబితే జన్మలో రారు.

కొబ్బరిచెట్ల కింద కాటేజీలు ఫోటోల్లో ఎంతో బాగుంటాయి. కానీ కాయ కారు అద్దం మీద పడితే ఏమవుతుందో నేను చూశాను, అదే మనిషి తలైతే ఊహించుకోవడానికే భయం. నెలన్నరకోసారి దింపు తీయించాల్సిందే, అంటే చెట్లెక్కించి కాయలు కోయించాల్సిందే. కాయల వేలం ఫైలు కదల్లేదని దింపు ఆపొద్దు, కనీసం దారి మీదా కాటేజీల మీదా ఉన్న గెలలైనా దింపించి, కాయలు లెక్కపెట్టి రిజిస్టర్లో రాసి గోడౌన్లో వేయించండి.

ఉప్పుగాలికి ఏసీ బయటి యూనిట్లు త్వరగా తుప్పు పడతాయి, వారానికోసారి మంచినీళ్లతో కడిగించండి. చిన్న రిపేర్లకి చేతిలో కొంత నగదు ఉంచుకునేలా పై ఆఫీసుతో మొదట్లోనే పట్టుబట్టి ఆర్డరు తెచ్చుకోండి, లేకపోతే ఒక మోటారు కోసం మూడు రోజులు గెస్టులకి బకెట్లతో నీళ్లు మోయాలి.

వంటింటి విషయంలో ఒక్కటే మాట: పులస వరద నీటికి ఎదురీదుకుంటూ వచ్చే రోజుల్లోనే దొరుకుతుంది. సంక్రాంతికి పులస అని మెనూలో రాసి ఇంకో చేప పెట్టొద్దు, ఇక్కడివాళ్లు ముద్ద నోట్లో పెట్టగానే చెప్పేస్తారు.

ఇక మడ అడవి. కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది, 235 చదరపు కిలోమీటర్ల పైనే ఉంటుంది. చెక్కబాట పక్కన కొమ్మలు కొట్టించేటప్పుడు తిల్ల చెట్టు ఏదో కుర్రాళ్లకి ముందే చూపించండి. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, కళ్లద్దాలు లేకుండా కత్తి పట్టనివ్వద్దు. కార్తీకమాసం వనభోజనాలప్పుడు ప్లాస్టిక్ అంతా గేటు దగ్గరే ఆపాలి. లోపలికొచ్చిన కవరు పోటుకి వెళ్లి మడ వేళ్లకి చుట్టుకుంటే దాన్ని తీయడం ఎవరి తరమూ కాదు. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఇసుక మీదికొస్తాయి, సముద్రం వైపు కనిపించే దీపాలు రాత్రిపూట ఆర్పించండి.

బావురుపిల్లిని (చేపలు పట్టి తినే అడవిపిల్లి) చూపిస్తామని మాత్రం ఎవరికీ మాటివ్వకండి. అది ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది. పొద్దున్నే పాటు తీసి ఉన్నప్పుడు పిల్లల్ని చెక్కబాట మీదికి తీసుకెళ్లండి, తడి బురదలో దాని అడుగులు అచ్చుగుద్దినట్టు కనిపిస్తే అక్కడ కాసేపు ఆగండి.