నది లోయలో ఒకరోజు ట్రెక్: ముందు తిరుగుదారి లెక్క

కొండెక్కే ట్రెక్‌లో ఓపిక అయిపోతే వెనక్కి తిరిగితే చాలు, మిగిలింది దిగడమే. నది కోసిన కాన్యన్‌లో, అంటే నిటారు గోడల లోతైన లోయలో, ఇది తలకిందులు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు, సీసాల నిండా నీళ్లతో, హుషారుగా దిగిపోతాం. ఎండ నెత్తికెక్కాక, నీళ్లు సగమయ్యాక, పిక్కలు వణుకుతున్నప్పుడు అదే దారి ఎక్కాలి. అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఎన్నింటికి వెనక్కి తిరగాలన్నది. ఎంత దూరం వెళ్లగలమన్నది ఆ తర్వాతి మాట.

మోస్తరు ట్రెక్ అంటే సుమారుగా రానూపోనూ 10–14 కిలోమీటర్లు, ఎక్కుడు 300–600 మీటర్లు. 12 కిలోమీటర్ల దారి, 450 మీటర్ల లోతు అనుకుందాం. స్కాట్లండ్ పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతి 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. ఆ ప్రకారం నడకకు 2 గంటల 24 నిమిషాలు, ఎక్కుడికి 45 నిమిషాలు, మొత్తం 3 గంటల 9 నిమిషాలు. కానీ ఇది ఎక్కడా ఆగకుండా నడిచే గట్టివాళ్ల లెక్క. రాళ్ల బాటకి, మామూలు నడకకి ఇంకో సగం కలపండి, 4 గంటల 45 నిమిషాలు దాకా వస్తుంది. తిండికి, విశ్రాంతికి, నీళ్లు పట్టుకోవడానికి గంట. ఏదైనా తేడా వస్తే సర్దుకోవడానికి ఇంకో గంటా పావు. అంటే ఏడు గంటలు చేతిలో ఉండాలి.

ఇప్పుడు ఆ ఏడు గంటల్ని మూడు భాగాలు చేయండి: ఒక భాగం దిగడానికి, రెండు ఎక్కడానికి. ఉదయం 7కి బయలుదేరితే 9:20కి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. జలపాతం ఇంకో పది నిమిషాల దూరంలోనే ఉన్నా సరే. ఈ టైమ్ ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకుని, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. కిందికి దిగాక, నది పక్కన కూర్చున్నాక ఆ నిర్ణయం తీసుకోవడం ఎవరి వల్లా కాదు. పైగా లోయ అడుగున ఎత్తైన గోడల వల్ల సూర్యుడు తొందరగా కనుమరుగవుతాడు. పైన వెలుతురున్నా కింద మసక చీకటే.

అసలు భయపడాల్సింది నీళ్లకు. మీ నెత్తిన ఆకాశం నీలంగా ఉన్నంత మాత్రాన ధీమా పనికిరాదు. పదుల కిలోమీటర్ల ఎగువన కురిసిన వాన గంటల్లో మీ దాకా వచ్చేస్తుంది. లోయ ఇరుకయ్యే చోట నీళ్లు పక్కకి పరుచుకునే వీలుండదు కాబట్టి నిమిషాల్లో మట్టం లేస్తుంది. అందుకని వాతావరణం చూసేటప్పుడు మీరు నడిచే చోటొక్కటే కాదు, ఆ నదిలోకి నీళ్లు దిగే ప్రాంతమంతా చూడాలి. ఎగువన డ్యామ్ ఉంటే గేట్లు ఎప్పుడు ఎత్తుతారో ముందే కనుక్కోండి. మంచు కరిగి పారే నదికి ఇంకో తీరు ఉంటుంది: పొద్దున మోకాలు దాటని చోటే మధ్యాహ్నం తిరిగాక తొడల్లోతు ఉండొచ్చు.

నడుస్తూ ఒడ్డున చెట్ల కొమ్మలు గమనించండి. మీ తల కంటే ఎత్తున కొమ్మల్లో ఎండుగడ్డి, పుల్లలు చిక్కుకుని ఉంటే వరద ఒకసారి అక్కడిదాకా వచ్చి పోయిందని అర్థం. ఆ వరద మట్టానికి పైకి ఎక్కడ ఎక్కొచ్చో కంటితో వెతుక్కుంటూ పోవాలి. రెండు వైపులా నిట్టనిలువు గోడలే ఉన్న భాగాలు మ్యాప్‌లో ముందే తెలుస్తాయి, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూర్ గీతలు అక్కడ ఒకదాన్నొకటి అంటుకుపోయి ఉంటాయి. తేటగా పారే నీళ్లు ఉన్నట్టుండి బురద రంగుకి తిరగడం, ఆకులూ పుల్లలూ తేలుతూ రావడం, ఎగువ నుంచి లారీ వస్తున్నట్టు హోరు వినపడటం, వీటిలో ఏది జరిగినా బ్యాగ్ సర్దుకుంటూ కూర్చోకండి. పక్కకి, పైకి ఎక్కేయండి. నది వెంట దిగువకి పరుగెత్తితే వరద మీకంటే ముందే పోతుంది.

నది దాటాల్సి వస్తే ఇరుకు చోటు వద్దు, వెడల్పుగా పరుచుకున్న చోటు చూసుకోండి. నీళ్లలో పుల్ల విసిరి చూడండి, మీ నడక కంటే వేగంగా కొట్టుకుపోతే, లేదా లోతు మోకాలు దాటితే, దాటొద్దు. షూ విప్పొద్దు. పాచి పట్టిన బండ మీద ఉత్తి పాదం నిలవదు. బ్యాగ్ నడుం బెల్ట్ మాత్రం విప్పేయాలి, పడితే వదిలించుకోగలగాలి. ఎగువకి ముఖం పెట్టి, కర్ర ఊతంగా, ఒక్కో అడుగే పక్కకి వేయండి.

తాగేందుకు చల్లటి రోజున గంటకు అర లీటరు, ఎండలో ఎక్కేటప్పుడు లీటరు దాకా కావాలి. ఉత్త నీళ్లే అదే పనిగా తాగితే ఒంట్లో సోడియం పడిపోయి తలనొప్పి, వికారం, తికమక వస్తాయి. దాన్ని దాహమనుకుని ఇంకా తాగితే మరీ ప్రమాదం. ఉప్పగా ఉండే తిండి, ఓఆర్ఎస్ పొట్లాలు అందుకే. నది నీళ్లకి 0.1–0.2 మైక్రాన్ల సన్న రంధ్రాలున్న ఫిల్టర్ బ్యాక్టీరియాను, విరేచనాలు తెచ్చే గియార్డియా అనే పరాన్నజీవిని ఆపుతుంది కానీ వైరస్‌లను ఆపదు. ఎగువన జనం ఉంటే మరిగించుకోవాలి: కళపెళా మరుగుతూ ఒక నిమిషం, 2,000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. బురద నీళ్లు నేరుగా ఫిల్టర్‌లో పోస్తే రెండో సీసాకే మూసుకుపోతుంది. కాసేపు కదపకుండా ఉంచి పైతేట మాత్రం పోయండి.

దిగేటప్పుడు దెబ్బ తినేది కాలి వేళ్లు. ముందురోజే గోళ్లు కత్తిరించుకుని, దిగే ముందు చీలమండ దగ్గర లేసు బిగించండి. లేకపోతే పాదం ముందుకి జారి బొటనవేలు గోరు నల్లబడుతుంది. తడిసిన సాక్స్ వెంటనే మార్చేయాలి, బొబ్బలు అక్కడే మొదలవుతాయి. బ్యాగ్‌లో హెడ్‌ల్యాంప్, విజిల్, గాలికీ వానకీ ఆగే జాకెట్, బ్యాండేజీ ఉంటే చాలు. కాటన్ బట్టలు తడిస్తే ఆరవు, చలి పట్టేస్తుంది.

ఫోన్‌ని నమ్ముకోకండి. గోడల మధ్య సిగ్నల్ ఉండదు, ఉపగ్రహ సంకేతాలు రాళ్లకి తగిలి తిరిగి రావడంతో మ్యాప్ మీద చుక్క పదుల మీటర్లు పక్కకి పోతుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టకపోతే సిగ్నల్ వెతుక్కుంటూనే బ్యాటరీ ఖాళీ చేస్తుంది. ఆఫ్‌లైన్ మ్యాప్‌తో పాటు కాగితం మ్యాప్ కూడా ఉంచుకోండి. ఆపదలో నిమిషానికి ఆరుసార్లు విజిల్ ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి.

ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి బయటికొస్తారో, ఎన్నింటి దాకా కబురు లేకపోతే సాయం పిలవాలో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లండి. పైకొచ్చి సిగ్నల్ అందగానే మొదటి ఫోన్ వాళ్లకే చేయండి, లేకపోతే మీరు తీరిగ్గా కూర్చుని కాళ్లు చాపుకునే సమయానికి మీ కోసం వెతుకులాట మొదలైపోతుంది.