ఏ తిరుమలరాజు? ఒకే పేరున్న చారిత్రక వ్యక్తులను వేరుచేసే పద్ధతి

కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాలలో ఊరి చరిత్ర రాయడానికి కూర్చున్నవారిని శాసనంలో అరిగిపోయిన అక్షరాల కంటే స్పష్టంగా కనిపించే పేర్లే ఎక్కువగా మోసం చేస్తాయి. దేవుడి పేరు పెట్టుకోవడం, తాత పేరు మనవడికి పెట్టడం రెండూ మనకు ఆనవాయితీ కనుక తిరుమల, వెంకటపతి, నరసింహ, రామరాజు అన్న పేర్లు తరం విడిచి తరం తిరిగి వస్తూనే ఉంటాయి. పెనుకొండ గురించి నేను మొదట రాసిన వ్యాసంలో తిరుమలరాయల నెత్తిన వేసిన హత్య ఆయన చేసినది కాదు. ఆయన అన్న చేతిలో ఓడిన మరో తిరుమలుడు చేసినది. ఆ తప్పు దిద్దుకునే క్రమంలో కుదిరిన పద్ధతి ఇది.

ముందుగా పేరును పక్కన పెట్టి, దాని చుట్టూ ఉన్న మాటలను, అంటే ఇంటిపేరు, తండ్రి పేరు, గోత్రం, బిరుదు, ఊరు, ఏలుతున్న రాజు, సంవత్సరం ఒక కాగితం మీద ఎత్తి రాసుకోవాలి. తిరుమల పేరునే తీసుకుందాం. శ్రీకృష్ణదేవరాయలు 1524లో పట్టం కట్టిన పసివాడైన కొడుకు తిరుమలుడు. అచ్యుతరాయల బావమరదులైన సలకరాజు వారిలో పెద తిరుమలుడు, చిన తిరుమలుడు అని ఇద్దరున్నారు. అచ్యుతరాయలు 1542లో పోయిన తరువాత మేనల్లుడు వెంకటుణ్ని చంపించి సింహాసనం ఎక్కినవాడు ఈ సలకరాజు తిరుమలుడే. అతణ్ని అంతం చేసిన అళియ రామరాయల తమ్ముడి పేరు కూడా తిరుమల. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధంలో ఓడిన తరువాత విజయనగరం విడిచి పెనుకొండకు రాజధానిని మార్చుకున్న ఆరవీటి తిరుమలరాయలు ఈయన, వసుచరిత్రను అంకితం పొందినదీ ఈయనే. యాభై ఏళ్లలో నలుగురు! ఇంటిపేరు రాసుకుంటే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

పేరుకు ముందుండే చిన్న మాటలను అలంకారాలనుకొని వదిలేయరాదు. పెద, చిన, కుమార అన్నవి మనకు తెలిసినవే. కన్నడంలో అళియ అంటే అల్లుడు, ఇమ్మడి అంటే రెండవ అని అర్థం. సాళువ నరసింహుని కొడుకు ఇమ్మడి నరసింహుడు. వారి తరువాత సింహాసనానికి వచ్చినవాడు తుళువ నరస నాయకుని కొడుకు వీరనరసింహుడు. ఇమ్మడి అన్న ఒక్క మాటను వదిలేస్తే కొడుకు చేసిన దానం తండ్రి ఖాతాలో పడుతుంది.

ఇక సంవత్సరం దగ్గర అసలైన ప్రమాదం ఉంది. శక సంవత్సరం ఇచ్చి ఉంటే దానికి 78 కలపాలి. తిథి జనవరి నుంచి ఉగాది లోపల పడితే 79 కలపాలి. తళ్లికోట యుద్ధం శక 1486లో జరిగింది కనుక 79 కలిపితే 1565 వస్తుంది. కైఫీయతులలో, అంటే ఊరూరా సేకరించి రాయించిన స్థానిక చరిత్రలలో, చాలాచోట్ల శక సంఖ్య లేకుండా రక్తాక్షి నామ సంవత్సరం అని మాత్రమే ఉంటుంది. ఆ పేరు 1504లోనూ, 1564లోనూ, 1624లోనూ వచ్చింది. అరవై ఏళ్లంటే ఇంచుమించు తాతకూ మనవడికీ మధ్య ఉండే దూరమే. అంటే సంవత్సరం పేరు తిరిగి వచ్చే వేళకు మనిషి పేరు కూడా తిరిగి వస్తుందన్నమాట! రెండూ సరిపోయాయి కదా అని సంతోషించే చోటనే ఆగి, ఏలుతున్న రాజు ఎవరో, దానం పొందిన గుడి అప్పటికి ఉందో లేదో చూడాలి. ఈ ఒక్క జాగ్రత్త తక్కినవన్నీ కలిపినంత విలువైనదని నా అభిప్రాయం.

బిరుదును పేరుగా పొరబడడం పండితులకూ తప్పలేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్నవాటి వంటి అశోకుని శాసనాలను 1837 ప్రాంతంలో మొదట చదివిన జేమ్స్ ప్రిన్సెప్, దేవానాంపియ (దేవతలకు ప్రియమైనవాడు) అన్న మాటను చూసి వాటిని సింహళ రాజు దేవానాంపియ తిస్సునివని అనుకున్నాడు. ఆ బిరుదు ఇద్దరికీ ఉంది, పైగా ఇద్దరూ ఒకే కాలంవారు. ఆ శాసనాలలోనే ఉన్న పియదసి అన్న మరో బిరుదు అశోకునిదేనని సింహళంలో పనిచేసిన ఆంగ్ల అధికారి టర్నర్ అక్కడి గ్రంథాల నుంచి చూపించగా, 1915లో దొరికిన మస్కి శాసనంలో అశోక అన్న పేరే కనిపించి సందేహం తీరింది.

కవుల విషయంలో పని తేలిక, ఇంటిపేర్లు గట్టిగా నిలిచి ఉన్నాయి. కోకటం అగ్రహారం పొందిన అల్లసాని పెద్దన వేరు, కావ్యాలంకారచూడామణి రాసిన విన్నకోట పెద్దన వేరు. తిరగబడిన పొరపాటు కూడా ఉంటుంది: భట్టుమూర్తి, రామరాజభూషణుడు ఇద్దరు కారు, ఒక్కరే. ఆంగ్ల అధికారుల పేర్లలోనూ ఇదే చిక్కు ఉంది. కైఫీయతులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ 1821లోనే మరణించాడు. 1855లో బొల్లారంలో సిపాయిల చేతిలో గాయపడిన కాలిన్ మెకంజీ మరొక సైనికాధికారి.

ఇన్ని చూసినా తేలకపోతే శాసనంలో పేరు ఎలా ఉందో అలాగే రాసి, సరిపోయే ఇద్దరి వివరాలనూ పక్కపక్కన ఇచ్చి, ఏ ఆధారం దొరికితే తేలుతుందో కూడా ఒక వాక్యంలో చెప్పి వదిలేయాలి.